నా జీతం కోతకు నేనే ఓటేశాను

ఫిబ్రవరి 10న లేఓవర్ హోటల్లో అలారం కన్నా ముందు ఫోనే లేపింది. టైము పొద్దున 4:10. వాట్సాప్‌లో మా పైలట్ల బ్యాచ్ గ్రూపులో 140 మెసేజ్‌లున్నాయి, అన్నిటి సారం ఒకటే: "ఫైల్ చేసేశారు." అర్ధరాత్రి దాటాక మా ఎయిర్‌లైన్ చాప్టర్ 11 కింద, అంటే కోర్టు రక్షణలో నడుస్తూనే అప్పులు సర్దుకునే పద్ధతిలో, దివాలా పిటిషన్ వేసింది. అయిదింటికి వ్యాను. షర్టు భుజాలకు ఎపాలెట్లు తగిలిస్తూ, ఇవాళ్టి ఫ్లైటు అసలు కదులుతుందా అనుకున్నాను.

కదిలింది. టైముకే కదిలింది. ఫ్యూయెల్ ట్రక్కు కూడా ఎప్పటిలాగే వచ్చింది.

నేను అమెరికాలో ఆరేళ్లుగా ఎయిర్‌బస్ ఏ320 మీద ఫస్ట్ ఆఫీసర్ని, అంటే కో-పైలట్ని. కంపెనీ పేరు రాయను, ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. ఈ ఆర్నెల్లలో మనవాళ్లు ఎవరు ఫోన్ చేసినా "కంపెనీ మూసేశారటగా?" అనే మొదలుపెట్టారు. అందరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

మూయలేదు. జీతం కూడా ఆగలేదు. మొదటి రోజే జడ్జి దగ్గర జీతాలకు అనుమతి తీసుకున్నారు, 15న మామూలుగానే పడింది. ఇబ్బందులు మేం అనుకోని వైపు నుంచి వచ్చాయి. నాలుగో రోజు రాత్రి 11కి ఇంకో ఊళ్లో హోటల్‌కి చేరాం. రిసెప్షన్‌లో అమ్మాయి మొహమాటపడుతూ "మీలో ఎవరిదైనా క్రెడిట్ కార్డు ఇస్తారా?" అంది. కంపెనీ వాళ్లకు కట్టాల్సిన పాత బిల్లులు కోర్టులో ఇరుక్కుపోయాయి, ఇక అరువు లేదన్నమాట. ఆరుగురికి ఆరు గదులు, గదికి 119 డాలర్లు. కెప్టెన్ మాట్లాడకుండా తన కార్డు తీసిచ్చాడు. ఆ డబ్బు ఆయనకు తిరిగి రావడానికి ఏడు వారాలు పట్టింది. మార్చిలో మా ఇంటి లోన్ రీఫైనాన్స్ చివరి సంతకాల దాకా వచ్చింది. బ్యాంకావిడ నేను పనిచేసే కంపెనీ పేరు ఇంకోసారి చూసుకుని ఫైలు పక్కన పెట్టేసింది. ఇంటి విలువ కట్టే అప్రైజల్‌కి ఇచ్చిన 600 డాలర్లు పోయినట్టే.

మా బావ సాఫ్ట్‌వేర్. "ఎందుకురా అంత టెన్షన్? పైలట్లకి డిమాండ్ ఉందిగా, ఇంకో కంపెనీకి దూకెయ్" అన్నాడు. వాళ్ల లోకంలో దూకితే జీతం పెరుగుతుంది. మా లోకంలో చేరిన వరసలో వచ్చే సీనియారిటీ నంబరే సర్వస్వం, అది ఎంత చిన్నదైతే అంత సీనియర్. ఏ విమానం, ఏ బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు), పండక్కి సెలవు దొరుకుతుందా లేదా, ఉద్యోగాలు తీసేస్తే ముందు ఎవరు, అన్నీ ఆ నంబరే చెబుతుంది. ఇంకో ఎయిర్‌లైన్‌కి వెళ్తే ఈ ఆరేళ్ల నంబరు బయటే వదిలేసి, వాళ్ల లిస్టులో ఆఖరివాడిగా, మొదటి ఏడాది జీతానికి చేరాలి. మా దగ్గర అప్పటికి సుమారు 1,900 మంది పైలట్లు. నా నంబరు 1,412. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టే.

దివాలా తీసిన ఎయిర్‌లైన్‌కి లీజు విమానాల మీద 60 రోజుల గడువుంటుంది. ఈలోపు వేటిని ఉంచుకుంటుందో చెప్పి బకాయిలు సరిచెయ్యాలి, లేకపోతే ఓనరు తన విమానం తాను తీసుకుపోతాడు. కాబట్టి ఏప్రిల్ మొదటి వారం నుంచి విమానాలు ఒక్కొక్కటే వెళ్లిపోవడం మొదలైంది. ఏప్రిల్ 9న ఒకదాన్ని అరిజోనా ఎడారిలో మెరానా దగ్గరున్న పినాల్ ఎయిర్‌పార్క్‌కి చేర్చే పని నాకు పడింది. లోపల ప్రయాణికులు లేరు, ఫ్లైట్ అటెండెంట్లు లేరు. ఖాళీ విమానం తేలిగ్గా ఉంటుంది, రన్‌వే మీద పరుగు మొదలుపెట్టిందో లేదో లేచిపోయింది. ఆ విమానం నాకు బాగా తెలుసు. కుడి వైపు సీటు చేతి దగ్గర ప్లాస్టిక్ కొంచెం పగిలి ఉంటుంది, ఎప్పుడూ చొక్కాకి పట్టుకుంటుంది. దిగి పార్క్ చేశాక ఇంజన్లు ఆపాం. వరసగా వంద గజాల దూరం దాకా ఇంజన్లకు తెల్ల గుడ్డలు చుట్టిన విమానాలు. కెప్టెన్ లాగ్‌బుక్ మూసి, లీజు కంపెనీ మనిషికిచ్చి సంతకం తీసుకున్నాడు. ఆ మనిషి "లోపల మీ సామాను ఏమైనా ఉందా?" అని అడిగాడు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు అడిగినట్టు. తర్వాత వ్యానులో టూసాన్, అక్కణ్నుంచి వేరే ఎయిర్‌లైన్‌లో వెనక వరస సీటులో ఇంటికి. విమానాలు తగ్గితే పైలట్లు తగ్గాలని లెక్కలు రాకపోయినా తెలుస్తుంది.

ఏప్రిల్ 22న కంపెనీ యూనియన్‌కి తన కోరికల చిట్టా ఇచ్చింది. గంట రేటులో 18 శాతం కోత, రిటైర్మెంట్ ఖాతాలో వేసే డబ్బు దాదాపు సున్నా, ఇంకా డ్యూటీ నిబంధనల్లో చాలా మార్పులు. తర్వాతి మూడు వారాలు నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించిన రోజులు. మా బేరసారాల కమిటీకి కంపెనీ లెక్కల పుస్తకాలు చూపించారు, కానీ ముందే గోప్యత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మేం అడిగితే "మేం చూశాం. చెప్పలేం" అనేవాళ్లు. ఎన్నుకున్నది మేము, నోరు కట్టేసింది కంపెనీ. ఆ రోజుల్లోనే నాకు కొత్త జబ్బు పట్టుకుంది: రాత్రుళ్లు కోర్టు ఫైలింగులు చదవడం. మా కేసు కాగితాలు చాలావరకు ఎవరైనా ఉచితంగా చూసుకునేట్టు ఆన్‌లైన్‌లో పెట్టారు. అందులో లాయర్ల ఫీజులు కూడా ఉంటాయి. పెద్ద లాయరు గంట రేటు నా గంట రేటుకు పది రెట్లకు పైనే. ఆ పేజీ చదివాక ఇక ఆ రాత్రి నిద్ర గురించి ఆలోచించక్కర్లేదు.

మే 6న కంపెనీ సెక్షన్ 1113 కింద మోషన్ వేసింది, అంటే యూనియన్‌తో ఉన్న కాంట్రాక్టును రద్దు చేసుకోనివ్వమని జడ్జిని అడిగింది. వేసిన 14 రోజుల్లో విచారణ మొదలవ్వాలి. అదే మెడ మీద కత్తి. మే 17 తెల్లవారుజామున, విచారణకి మూడు రోజులుందనగా, ఇద్దరూ తాత్కాలిక ఒప్పందానికి వచ్చారు. విచారణ వాయిదా పడింది, ఒప్పందం మా ఓటుకి వచ్చింది. మే 29 నుంచి జూన్ 11 మధ్యాహ్నం 12 దాకా గడువు.

ఒప్పందం 70 పేజీలు. నేను ముందు చదివింది డబ్బుల పేజీ. గంటకు 158 డాలర్ల రేటు 9 శాతం తగ్గి 143.78 అవుతుంది. నెలకు కనీస గ్యారంటీ 72 గంటల నుంచి 68కి పడుతుంది. రెండూ కలిపితే నెల జీతం 11,376 నుంచి 9,777కి. రిటైర్మెంట్ ఖాతాలో కంపెనీ వేసే 15 శాతం 9 అవుతుంది, అది ఇంకో 826. మొత్తం నెలకు 2,425 డాలర్ల దెబ్బ, మూడేళ్లు. ఆ తర్వాత మెట్లు మెట్లుగా వెనక్కి ఇస్తామన్నారు. కాగితం మీద లెక్క రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మా ఆవిడ దాని కింద పెన్సిల్‌తో ఒక్క ప్రశ్న రాసింది: "నో అంటే?"

నో అంటే ఏమవుతుందో వినడానికే మే 30న రోడ్‌షోకి, అంటే యూనియన్ ఒప్పందాన్ని వివరించే సభకి వెళ్లాను. ఎయిర్‌పోర్టు పక్క హోటల్లో కాన్ఫరెన్స్ హాలు. రెండొందల కుర్చీలేస్తే నాలుగొందల మంది వచ్చారు. మొదటి ప్రశ్నే అది. యూనియన్ లాయరు 2012 కథ చెప్పాడు. ఆ ఏడాది ఆగస్టు 8న, అప్పుడు దివాలాలో ఉన్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు కంపెనీ చివరి ఆఫర్‌ని 61 శాతంతో తిప్పికొట్టారు. వారానికి జడ్జి కంపెనీ మోషన్‌ని కొట్టేశాడు. ఇక్కడ హాల్లో చప్పట్లు మొదలవబోయాయి, లాయరు చెయ్యెత్తాడు. జడ్జికి నచ్చనివి రెండే అంశాలు. కంపెనీ వాటిని సరిచేసుకుని మళ్లీ వెళ్తే సెప్టెంబరు మొదట్లో సరేనన్నాడు. డిసెంబరులో అదే పైలట్లు ఇంకో ఒప్పందానికి 74 శాతం ఎస్ అన్నారు.

"మధ్యలో నాలుగు నెలలు బేరమాడారుగా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఆడారు. వాళ్లతో కలవడానికి ఇంకో ఎయిర్‌లైన్ కాచుక్కూర్చుంది. మనకోసం ఎవరున్నారు?" అన్నాడు లాయరు. ఎవరూ మాట్లాడలేదు.

కాంట్రాక్టు కొట్టేస్తే సమ్మె చేస్తామన్నారు ఇంకొకరు. దానికీ జవాబు తయారుగా ఉంది: దివాలాలో ఉన్న నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ అటెండెంట్లు అలాగే అనుకున్నారు, కోర్టు ఆపేసింది, 2007లో అప్పీలు కోర్టు కూడా ఆపడం సరైనదే అంది. నిజం చెప్పాలంటే నాకా లాయరు మీద కోపం వచ్చింది. మన తరఫువాడు మన చేతులు ఎక్కడెక్కడ కట్టేసి ఉన్నాయో ఇంత ఓపిగ్గా చూపిస్తున్నాడేమిటని.

తర్వాత వచ్చిన స్లైడు దగ్గర హాలంతా నిశ్శబ్దమైంది. ఫర్లో లెక్కలు. ఫర్లో అంటే ఉద్యోగం పోతుంది, పేరు మాత్రం లిస్టులో ఉంటుంది, మళ్లీ అవసరం పడితే నంబరు ప్రకారం పిలుస్తారు. ఒప్పందం గెలిస్తే 310 మంది. ఓడితే కంపెనీ లెక్క 520. నాలుగొందల తలలూ ఒకేసారి కిందికి వంగాయి, ఫోన్లలో తీసివేతలు చేసుకోవడానికి. 1,900లోంచి 520 తీస్తే 1,380. నేను 1,412. ఉద్యోగాలు తెగే గీత నాకన్నా 32 నంబర్లు పైనే పడుతోంది. ఒప్పందం గెలిస్తే గీత 1,590 దగ్గర, నేను ఒడ్డున.

అంతకుముందు దాకా నేను నో వేద్దామనుకుంటున్నాను. అందుకు కారణం ఒక కెప్టెన్. ఆయనకు 61 ఏళ్లు. 2005 నాటి దివాలాల్లో ఆయన పాత కంపెనీ పైలట్ల పెన్షన్ ప్రభుత్వ బీమా సంస్థ పాలైంది. ఆ సంస్థ ఆ ఏడాది ఇచ్చే గరిష్ఠం 65 ఏళ్ల వాళ్లకు ఏడాదికి 45,614 డాలర్లు. పైలట్లు మాత్రం అప్పటి రూలు ప్రకారం 60కే దిగిపోవాలి, దిగితే "తొందరగా రిటైరయ్యారు" అని కోసి 29,649 చేశారు. ఈ లెక్క ఆయనకు ఫోన్ నంబరులా నోటికొచ్చు. కాక్‌పిట్‌లో క్రూయిజ్‌లో ఉండగా నాతో అన్నాడు: "ఒకసారి ఎస్ అని సంతకం పెట్టినవాణ్ని. ఈసారి కొయ్యాలంటే జడ్జినే కొయ్యనీ. నా చేత్తో నేను కోసుకోను." ఆయనకి 1,380 గీతతో పనిలేదు, నంబరు 200 లోపు. అది నాకు అప్పుడు తట్టలేదు, రోడ్‌షో నుంచి కారులో వస్తుంటే తట్టింది.

జూన్ మొదటి వారంలో ఒక రాత్రి ల్యాండింగుకి వెళ్తుండగా కెప్టెన్ "ఫ్లాప్స్ టూ" అన్నాడు, అంటే రెక్కల ఫ్లాపులు రెండో మెట్టుకి దించమని. నా చెయ్యి లివర్ మీదే ఉంది, బుర్ర ఎక్కడో ఉంది. రెండోసారి చెప్పాక కదిపాను. రెండు మూడు సెకన్ల ఆలస్యం, దానివల్ల ఏమీ కాలేదు. కానీ హోటల్‌కి వెళ్లాక చేతులు వణికాయి. మర్నాటి ట్రిప్‌కి నేను ఫిట్‌గా లేనని ఫోన్ చేసి చెప్పేశాను. డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే పైలట్లకు భయం, మెడికల్ ఫారంలో గత మూడేళ్లలో ఏ డాక్టర్ని కలిశావో అన్నీ రాయాలి. అందుకే మాలో చాలామంది ఎవరికీ చెప్పకుండా లోపల్లోపలే నలిగిపోతారు. యూనియన్‌లో తోటి పైలట్లే నడిపే హెల్ప్‌లైన్ ఒకటి ఉంటుంది, దానికి చేశాను. అవతలి మనిషి నలభై నిమిషాలు విన్నాడు, సలహా ఒక్కటీ ఇవ్వలేదు. ఆ రాత్రి ఏడు గంటలు పడుకున్నాను. మీకు పైలట్ బంధువులుంటే ఈ పేరా మాత్రం వాళ్లకి పంపండి.

బేస్ దగ్గర మేం ఎనిమిది మందిమి డ్యూటీల మధ్య పడుకోవడానికి కలిసి అద్దెకు తీసుకున్న క్రాష్ ప్యాడ్ ఉంది, మంచానికి నెలకు 325 డాలర్లు. నా పై మంచం గుంటూరు కుర్రాడిది. అప్పులు చేసి ట్రైనింగ్ అయ్యి, ఎయిర్‌లైన్‌లో చేరడానికి కావాల్సిన 1,500 గంటలు ఎగరడం పూర్తవడానికి నాలుగేళ్లు చిన్న విమానాల మీద పాఠాలు చెప్పి, పది నెలల కిందట ఇక్కడ చేరాడు. నంబరు 1,788. గీత ఎక్కడ గీసినా వాడు నీళ్లలోనే. పైగా మా యూనియన్‌లో ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకి ఓటు లేదు. ముందు మునిగేవాళ్లకే ఓటు లేకపోవడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"నువ్వేం వేస్తున్నావన్నా?" అని అడిగాడు ఒక రాత్రి పై మంచం మీంచి.

"ఇంకా తేల్చుకోలేదురా."

"నాకుంటే ఎస్ వేసేవాణ్నన్నా. కంపెనీ బతికుంటే కదా నన్ను మళ్లీ పిలిచేది."

జూన్ 7న ఓటు వేద్దామని లాగిన్ అయితే "మీకు ఓటు హక్కు లేదు" అని వచ్చింది. గుండె ఆగినంత పనైంది. ఏప్రిల్‌లో సెలవులో ఉన్నప్పుడు 64 డాలర్ల యూనియన్ చందా కట్ అవలేదట. కార్డుతో కట్టాను, సిస్టంలో ఎక్కడానికి రెండు రోజులు పట్టింది. ఎప్పుడైనా ఇలాంటి ఓటు వస్తే ముందు వారమే మీ బకాయి చూసుకోండి. మాలో ఇలా ఆఖరి రోజు దాకా చూసుకోక ఓటు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

జూన్ 9 రాత్రి 11:40కి క్రాష్ ప్యాడ్ వంటింట్లో నిలబడి వేశాను. తెరమీద రెండు బటన్లు, కింద "ఒకసారి నొక్కాక మార్చలేరు" అన్న హెచ్చరిక. ఎస్ నొక్కాను. ఒక రసీదు నంబరు వచ్చింది, కరెంటు బిల్లు కట్టినప్పుడు వచ్చినట్టే. ఫోన్ జేబులో పెట్టుకుని సింకులో ఉన్న గిన్నెలు కడిగేశాను, నావి కానివి కూడా.

జూన్ 11న 12:25కి గేటు దగ్గర ప్రయాణికులు దిగుతుండగా ఫలితం వచ్చింది. ఓటేసినవాళ్లలో 67 శాతం ఎస్. పక్కన ఉన్న కెప్టెన్ ఫోన్ చూసి, "సరే, ఎంత ఫ్యూయెల్ వేసుకుందాం?" అన్నాడు. ఆయన ఏం వేశాడో నేను అడగలేదు. సాయంత్రానికి మేనేజ్‌మెంట్ నుంచి "మీ త్యాగానికి కృతజ్ఞతలు" అని మెయిల్. త్యాగం అన్న మాట వాడకుండా ఉంటే బాగుండేది.

తర్వాతవి త్వరత్వరగా జరిగిపోయాయి. జూన్ 18న జడ్జి ఆమోదం, జులై 1 నుంచి కొత్త రేట్లు. స్వచ్ఛందంగా సెలవు తీసుకున్నవాళ్లు కొందరు ఉండడంతో ఫర్లో సంఖ్య 310 నుంచి 296కి తగ్గింది. గీత 1,604 దగ్గర ఆగింది. ఇప్పుడు నా కింద 192 మందే. ఆరేళ్ల తర్వాత మళ్లీ రిజర్వ్‌లో ఉన్నాను, ఫోన్ పక్కన పెట్టుకుని పిలుపు కోసం కూర్చునే డ్యూటీ. ఇది రోడ్‌షోలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

గుంటూరు కుర్రాడికి జూన్ 20న 60 రోజుల నోటీసు వచ్చింది. ఆఖరి రోజు ఆగస్టు 19. ఐడీ కార్డు, ట్యాబ్లెట్ కొరియర్‌లో పంపించాలి, యూనిఫాం మాత్రం ఉంచుకోవచ్చట. ఇన్సూరెన్స్ నెలాఖరు దాకే. పొద్దున వాడి సూట్‌కేసులు కిందికి దించడానికి సాయం వెళ్లాను. కారు డిక్కీ మూశాక అడిగాడు:

"అన్నా, ఏం వేశావో చెప్పనేలేదు."

"ఎస్సేరా."

"థాంక్స్ అన్నా" అన్నాడు.

నా నంబరు 1,412 అని వాడికి తెలుసు. ఓడితే గీత 1,380 దగ్గర పడేదని కూడా తెలుసు, ఆ స్లైడు ఫొటో మా గదిలో అందరికీ పంపింది నేనే. కారెక్కి అద్దం దించి, పై మంచానికి సెప్టెంబరు అద్దె కూడా తను కట్టేశానని, ఎవరైనా వస్తే వాళ్ల దగ్గర తీసుకుని పంపమని చెప్పాడు. ఇంకా ఎవరూ రాలేదు.